ముద్ర ఎవరిది, జెండా ఎవరిది?
(ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, తాండాల నుంచి వచ్చిన నాయక్‌లకు, కార్‌బారీలకు, ఎరుకల, యానాది కాలనీల నుంచి వచ్చిన పెద్దమనుషులకు నమస్కారాలు. ముందు వరుసలో కూర్చున్న యాడీలందరికీ రామ్‌రామ్. వెనక నిలబడి ఫోన్లు చూసుకుంటున్న తమ్ముళ్లూ, ముందుకు రండి. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇవాళ నేను మాట్లాడేది ముఖ్యంగా మీతోనే.

నేను బీఈడీ చదివి కొన్నాళ్లు పిల్లలకు పాఠాలు చెప్పాను. ఇప్పుడు గిరిజన సంక్షేమ హాస్టల్లో వార్డెన్‌గా పనిచేస్తున్నాను. మనవాళ్లు పది నిమిషాలు మాట్లాడమన్నారు. టీచర్ల పది నిమిషాలు ఎంతసేపో మీకు తెలుసు కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

ఈ సభ కోసం మన కుర్రాళ్లు కరపత్రం తయారుచేసి, ఒకసారి చూడమని నాకు వాట్సాప్‌లో పంపారు. బాగుంది. తాండా బొమ్మ ఉంది, జాతీయ జెండా ఉంది. అన్నిటికంటే పైన, నడిమధ్యలో మూడు సింహాల గుర్తు పెట్టారు. "తమ్ముడూ, ఆ సింహాలు తీసెయ్యండి" అని మెసేజ్ పెట్టాను. వెంటనే ఫోన్ వచ్చింది. "ఏం మేడమ్? మంత్రుల లెటర్ ప్యాడ్ మీద ఉంటాయి, ఆఫీసర్ల కాగితాల మీద ఉంటాయి. మనం పెట్టుకుంటే తప్పా? అయితే అవి వాళ్లవేనా, మనవి కావా?" అని అడిగాడు ఆ తమ్ముడు.

ఆరోజు నేను సరైన జవాబు చెప్పలేదు. చట్టం ఒప్పుకోదని ఒక్క మాట చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ తర్వాత రెండు రోజులు ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అది మంచి ప్రశ్న. దానికి జవాబు చెప్పడానికే ఇవాళ వచ్చాను.

ముద్ర సంగతి

ముందు చట్టం సంగతి చెప్పేస్తాను. సారనాథ్‌లో అశోకుడు నిలబెట్టిన స్తంభం తల మీద నాలుగు సింహాలు వీపులు ఆనించుకుని ఉంటాయి. ఎటు నుంచి చూసినా మూడే కనిపిస్తాయి. దాన్ని 1950 జనవరి 26న, రాజ్యాంగం అమల్లోకి వచ్చిన రోజునే, భారత ప్రభుత్వం తన అధికార చిహ్నంగా తీసుకుంది. సింహాల కింద పీఠం మీద నడుమ చక్రం, కుడివైపు ఎద్దు, ఎడమవైపు గుర్రం. దాని కింద దేవనాగరి లిపిలో "సత్యమేవ జయతే" అనే మాట. అది ముండకోపనిషత్తు నుంచి తీసుకున్నది. ఈ చిహ్నాన్ని ప్రైవేటు మనుషులు, సంఘాలు, వ్యాపారాలు వాడుకోకూడదని 2005లో చట్టం చేశారు. వాడితే రెండేళ్ల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. కాబట్టి కరపత్రం మీద, బండి నంబరు ప్లేటు మీద, పెళ్లి కార్డు మీద, ఫేస్‌బుక్‌లో మన సంఘం పేరు పక్కన సింహాలు పెట్టకండి.

అయితే ఆ తమ్ముడు అడిగింది చట్టం గురించి కాదు. "అవి మనవి కావా" అని అడిగాడు. దానికి మా ఇంట్లో జరిగిన సంగతి చెప్తాను.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు నా కుల ధ్రువపత్రం కోసం మా బాపు ఒక ఆఫీసు చుట్టూ తిరిగాడు. వెళ్లిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోయేది. "సారు లేరు, రేపు రా" అనేవారు. ఏడోసారో ఎనిమిదోసారో కాగితం చేతికొచ్చింది. బాపుకు చదువు రాదు. అక్షరాలు చదవలేడు కాబట్టి గుండ్రటి ముద్ర పడ్డచోట వేలితో తడిమి చూశాడు. "ఇది పడిందిగా, ఇక నిన్ను ఎవరూ కాదనలేరు" అన్నాడు. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ట్రంకు పెట్టెలో బట్టల అడుగున దాచాడు. నా ఇంటర్ సీటు, బీఈడీ సీటు, ఈ ఉద్యోగం, అన్నీ ఆ కాగితంతోనే వచ్చాయి.

ఇప్పుడు ఆలోచించండి. ఆ ముద్రను ఎవరు పడితే వాళ్లు అచ్చేసుకోవచ్చంటే ఏమవుతుంది? డబ్బున్నవాడు సాయంత్రానికల్లా ఎస్టీ అయిపోతాడు. దొంగ ధ్రువపత్రాలతో మన సీట్లు, మన ఉద్యోగాలు తీసుకున్నవాళ్ల సంగతి పేపర్లో చదువుతూనే ఉన్నాం. ఆ బాధ ఎంత పెద్దదంటే, దాన్ని ఆపడానికి మన రాష్ట్రంలో 1993లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. ముద్ర విలువ పోతే డబ్బున్నవాడికి నష్టం లేదు, వాడికి వేరే దారులుంటాయి. ఆ కాగితం తప్ప వేరే ఆధారం లేని మనమే ముందు నష్టపోతాం.

అందుకే తమ్ముడూ, సింహాలు మనవే. మనవి కాబట్టే ఎవరూ ఆడుకోకుండా కాపాడుకోవాలి. ఊరి ధాన్యం తూచే తూకపురాయి ఊరందరిదీ. అయినా ఎవరికి వాళ్లు దాన్ని చెక్కుకోరు కదా.

ఇంకో మాట. ఆ ముద్ర కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. మనుషులు అడిగితే వచ్చింది. గరికపాడు చెక్‌పోస్టు దాటితే కోదాడ. అక్కడి తాండాల్లో మన మేనత్తలున్నారు, మన వియ్యంకులున్నారు. ఒకటే గోర్ బోలి, ఒకటే తీజ్ పండుగ. అయినా ఇవతల ఆంధ్ర జిల్లాల్లో సుగాలీలుగా మనకు ఎస్టీ గుర్తింపు ముందే ఉంది, అవతల తెలంగాణలోని లంబాడీలకు 1976 సవరణ చట్టం వచ్చేదాకా లేదు. అన్న ఇవతల ఉంటే ఎస్టీ, తమ్ముడు అవతల ఉంటే కాదు. గీత ఒకరు గీస్తారు, ముద్ర ఒకరు వేస్తారు, బతుకు మాత్రం మనది. అందుకే ఈ గుర్తుల సంగతి మనకు తెలిసి ఉండాలి.

జెండా సంగతి

ముద్రకు ఒక నియమమైతే జెండాకు ఇంకో నియమం. జెండాను ఎవరైనా ఎగరేయవచ్చు. 2002 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన జెండా నియమావళి సామాన్యులకు ఏడాదిలో ఏ రోజైనా జెండా ఎగరేసే వీలిచ్చింది. గౌరవంగా జెండా ఎగరేయడం పౌరుడి హక్కు అని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే తాండాలో మీ ఇంటి మీద కూడా ఎగరేసుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఈ జెండాకూ మన మెట్ట ప్రాంతానికీ ఉన్న చుట్టరికం మీలో చాలామందికి తెలియదు. పింగళి వెంకయ్య గారు కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో 1876 ఆగస్టు 2న పుట్టారు. ఆయన కొన్నేళ్లు నడిగూడెంలో మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారి దగ్గర ఉన్నారు. మునగాల పరగణా ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది గానీ, అప్పట్లో అది చుట్టూ నిజాం రాజ్యం ఉన్న దీవిలాంటి ముక్క. లెక్కల్లో మాత్రం మన నందిగామ తాలూకాలోనే ఉండేది. 1959లో నల్లగొండ జిల్లాలో కలిపారు. వెంకయ్య గారు పత్తి వంగడాల మీద పనిచేశారు. అందుకే ఆయన్ని పత్తి వెంకయ్య అని కూడా పిలిచేవారు. మన నందిగామ, జగ్గయ్యపేట చేలల్లో పత్తి తీసి వేళ్లు కోసుకుపోయిన యాడీలు ఈ సభలో ఎంతమంది లేరు! జెండాను ఊహించిన మనిషికి పత్తి చేను తెలుసు. ఆ గుడ్డ మీ చేతుల్లోంచి వచ్చిందే.

1916లోనే ఆయన దేశానికి ఒక జెండా ఉండాలని పుస్తకం రాసి, అందులో ఎన్నో నమూనాలు ఇచ్చారు. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు గాంధీ గారికి ఎరుపు, ఆకుపచ్చ రంగుల నమూనా అందించారు. తెలుపు కూడా ఉండాలని గాంధీ గారు అన్నారు. రాట్నం ఉండాలని జలంధర్‌కు చెందిన లాలా హన్స్‌రాజ్ గారు సూచించారు. 1931లో రంగులు కాషాయం, తెలుపు, ఆకుపచ్చగా స్థిరపడ్డాయి. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం బదులు 24 ఆకుల అశోక చక్రంతో జెండాను ఆమోదించింది. మన జెండా ఒక్కరోజులో, ఒక్కరి చేతిలో తయారు కాలేదు. చర్చ జరిగింది, మార్పులు జరిగాయి.

ఆ 1947 జూలై 22 చర్చలో మనవాడొకరు లేచి మాట్లాడారు. ఆయన పేరు జైపాల్ సింగ్ ముండా. ఛోటా నాగపూర్ ఆదివాసీ. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చిన భారత హాకీ జట్టుకు కెప్టెన్. మూడు కోట్ల ఆదివాసీల తరఫున ఈ జెండాను ఒప్పుకుంటున్నానని సభలో చెప్పారు. అంతటితో కూర్చోలేదు. జెండా ఎగరేయడం నాగరికులమనుకునే వాళ్ల సొత్తని ఈ సభలో చాలామంది అనుకుంటున్నారు, కానీ జెండాలు ముందు ఎగరేసిందీ, వాటికోసం పోరాడిందీ ఆదివాసీలే అన్నారు. తమ జాతరల్లో ఒక్కో ఊరికి ఒక్కో జెండా ఉంటుందనీ, ఒకరి జెండాను ఇంకొకరు అనుకరించరనీ వివరించారు. ఇక నుంచి ప్రతి ఊళ్లో రెండు జెండాలుంటాయి, ఒకటి ఆరు వేల ఏళ్లుగా ఉన్నది, రెండోది ఈ జాతీయ జెండా అని చెప్పారు.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు మా తాండా కళ్లముందు కనపడింది. సేవాలాల్ మహారాజ్ గుడి దగ్గర తెల్ల జెండా, మేరామ యాడి దగ్గర ఎర్ర జెండా. చిన్నప్పుడు వాటిని చూసి ఊళ్లో బడి పిల్లలు నవ్వుతారేమోనని నాకు సిగ్గుగా ఉండేది. మన జెండాను చూసి సిగ్గుపడాల్సిన పనిలేదని ఆ పెద్దాయన నేను పుట్టకముందే, ఢిల్లీ సభలో నిలబడి చెప్పేశాడు. రెండు జెండాలూ మనవే. ఒకటి ఎత్తడానికి రెండోది దించనక్కర్లేదు.

నేను చేసిన తప్పు

గొప్పలే చెప్తున్నాను, నా తప్పు కూడా చెప్పాలి. వార్డెన్‌గా చేరిన మొదటి ఏడాది, ఆగస్టు 15. తెల్లవారుజామున వాన. వంటమనిషి రాలేదు, ఉప్మా నేనే చేశాను. హడావుడిగా జెండాకు ముడి వేసి తాడు లాగాను. పూలు రాలాయి, అందరూ చప్పట్లు కొట్టారు. ఆరో తరగతి పిల్ల, చెంచాడంత మనిషి, నా చీర కొంగు లాగి, "మేడమ్, పచ్చరంగు పైకుంది" అంది. తలెత్తి చూస్తే నిజమే. కాషాయం కిందికి పోయింది. అతిథులుగా వచ్చిన పెద్దలెవరూ గమనించలేదు. గమనించినా చెప్పలేదేమో. వెంటనే దించి, సరిచేసి మళ్లీ ఎగరేశాను. చెమటలు పట్టాయి.

తర్వాత ఆ పిల్లని పిలిచి, "అందరూ ఊరుకుంటే నువ్వెలా చెప్పగలిగావమ్మా?" అని అడిగాను. "మీరే కదా మేడమ్ బోర్డు మీద బొమ్మ వేసి చెప్పారు" అంది. ఆ రోజు నుంచి మా హాస్టల్లో జెండాకు ముడి వేసేది పిల్లలే. ముందురోజు సాయంత్రం మడత పెట్టడం, ముడి వేయడం, ఒకసారి లాగి చూడటం వాళ్ల పని.

మీ తాండాలో కూడా ఆ పని మీరు తీసుకోండి. పొడవు మూడు వంతులైతే ఎత్తు రెండు వంతులు. కాషాయం పైన. చిరిగిన జెండా, మాసిన జెండా వద్దు. నేలకు తగలకూడదు. 2021 చివర్లో చేసిన మార్పుతో పాలిస్టర్ జెండా కూడా కట్టవచ్చు గానీ, దొరికితే ఖాదీ, నూలు జెండానే తెచ్చుకోండి. పండుగ అయిపోయాక మురిక్కాలవల్లో పడి ఉన్న కాగితం జెండాలు ఏరండి. పాడైన జెండాను చెత్తలో వేయకుండా పక్కకు తీసుకెళ్లి, గౌరవంగా కాల్చేయాలి.

మన జగ్గయ్యపేట రాయి

మన రాష్ట్రానికి కూడా ఒక చిహ్నం ఉంది. 2018లో దాన్ని కొత్తగా దిద్దారు. నడుమ పూర్ణఘటం, చుట్టూ ధర్మచక్రం. ఇదంతా అమరావతి శిల్పాల నుంచి తీసుకున్నది. అమరావతి అంటే అందరికీ తెలుసు. మన జగ్గయ్యపేట ఊరి పక్కన ధనంబోడు మీద అలాంటి బౌద్ధ స్తూపమే ఉందని మీలో ఎంతమందికి తెలుసు? 1882లో జేమ్స్ బర్జెస్ దాన్ని తవ్వించారు. అక్కడ దొరికిన ఒక పలక ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. సుమారు 2000 ఏళ్ల నాటిది. దాని మీద మాంధాత అనే చక్రవర్తి చెయ్యెత్తి నిలబడి ఉంటాడు. పైన మబ్బుల్లోంచి నాణేలు రాలుతుంటాయి. చుట్టూ గొడుగు, చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, మంత్రి. ఇవన్నీ ఆనాటి రాజ్యచిహ్నాలే. ఇప్పటి ముద్రలో ఉన్న చక్రం, గుర్రం రెండు వేల ఏళ్ల కిందటే మన ఊరి రాయి మీద ఉన్నాయి.

మాంధాత కథ బౌద్ధుల జాతక కథల్లో ఉంది. అన్నీ ఉన్నా అతనికి తృప్తి లేదు. స్వర్గానికి వెళ్లి ఇంద్రుడితో సగం సింహాసనం పంచుకున్నాడు. అదీ చాలక, ఇంద్రుడిని చంపి మొత్తం తీసుకోవాలనుకున్నాడు. ఆ ఆశతోనే కిందపడిపోయి, మన్నులో కలిసిపోయాడు. చక్రం, గొడుగు, ఏనుగు ఏవీ అతన్ని ఆపలేదు. గుర్తులు ఎంత గొప్పవైనా వాటి వెనక న్యాయం లేకపోతే నిలబడవని మన ఊరి రాయే చెబుతోంది.

పక్షులు, చెట్ల సంగతి పిల్లలు పరీక్షల కోసం బట్టీ పడతారు. ఉమ్మడి రాష్ట్రంలో పాలపిట్ట రాష్ట్ర పక్షి. 2014లో తెలంగాణ పాలపిట్టను, జింకను, జమ్మిచెట్టును, తంగేడు పువ్వును తీసుకుంది. 2018లో మన రాష్ట్రం రామచిలుకను, కృష్ణజింకను, వేపచెట్టును, మల్లెపువ్వును ప్రకటించింది. గరికపాడు దగ్గర పాలపిట్ట ఇటూ ఎగురుతుంది, రామచిలుక అటూ ఎగురుతుంది. వాటిని చెక్‌పోస్టు దగ్గర ఎవరూ ఆపరు.

మా హాస్టల్లో ఒక పిల్ల అడిగింది: "వీటిల్లో మనవాళ్లు లేరా మేడమ్?" మన రాష్ట్ర చిహ్నంలో లేరమ్మా అని నిజమే చెప్పాను. కానీ జార్ఖండ్‌లో ఉన్నారు. 2020లో వాళ్లు కొత్తగా చేసుకున్న రాష్ట్ర చిహ్నంలో ఏనుగులు, మోదుగ పూలతో పాటు చేతులు పట్టుకుని ఆడే ఆదివాసీలు వలయంగా ఉన్నారు. అంటే ఇది జరగని పని కాదు. గుర్తులు మారుతుంటాయి. మార్చేది మనుషులే.

మీకు అప్పగించే పనులు

కరపత్రం దగ్గర మొదలుపెట్టాను కాబట్టి అక్కడికే వస్తాను. సింహాలు తీసేశాక పైన ఖాళీ మిగిలింది, ఏం పెట్టమంటారు మేడమ్ అని ఆ తమ్ముడే మళ్లీ అడిగాడు. అది నేను చెప్పే పని కాదు. మీరు గీయండి. మీ యాడి కాంచళి మీద అద్దాలున్నాయి, పేటియా మీద కుట్టుపనులున్నాయి. తీజ్‌కు మొలకెత్తించిన గోధుమ బుట్టలున్నాయి. ఎరుకల వాళ్ల బుట్ట అల్లిక ఉంది. యానాదుల వల ఉంది. మూడు తెగల పిల్లలూ కూర్చుని మన సంఘానికి ఒక గుర్తు తయారుచేయండి. జైపాల్ సింగ్ గారు చెప్పినట్టు, ఇంకొకరిది అనుకరించనక్కర్లేదు.

రెండో పని. ఇంటికెళ్లాక ట్రంకు పెట్టె తెరిచి, మీ ఇంట్లో ముద్ర ఉన్న కాగితాలన్నీ బయటికి తీయండి. కుల ధ్రువపత్రం, పట్టా, రేషన్ కార్డు, జనన ధ్రువపత్రం. వాటిల్లో పేర్లు సరిగ్గా ఉన్నాయా? ఇంటిపేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా ఉందా? ఇప్పుడే సరిచేయించుకోండి. అడ్మిషన్ రోజు ఏడుస్తూ నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఎక్కువమందికి ఇదే కారణం. మీకు చదువొచ్చు. పక్కింటి పెద్దవాళ్ల కాగితాలు కూడా చూసిపెట్టండి.

మూడో పని. ఎక్కడైనా "రేపు రా" అంటే ఆ కౌంటర్ గోడ మీదో, ఆ కాగితం మీదో సింహాల కింద రాసి ఉన్న మాట గుర్తు తెచ్చుకోండి. సత్యమే గెలుస్తుందని వాళ్లే రాసుకున్నారు. గొడవపడకండి, బతిమాలకండి. దరఖాస్తు రాసి ఇచ్చి రసీదు అడగండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఆ చట్టం కూడా 2005లోదే. సింహాల గుర్తును కాపాడే చట్టం, ఆ గుర్తు పెట్టుకున్నవాళ్లను ప్రశ్నించే చట్టం ఒకే ఏడాది వచ్చాయి. మొదటిది మీరు పాటించండి. రెండోది మీరు వాడండి.

మా బాపు ఇప్పుడు లేడు. ఆ కాగితం నా దగ్గర అదే ప్లాస్టిక్ కవర్లో ఉంది. బాపు ఆ ముద్రను వేలితో తడిమాడు. నేను దాన్ని చదవగలిగాను. మీరు ఆ ముద్ర వేసే కుర్చీలో కూర్చోవాలి. కూర్చున్న రోజున, ఎదురుగా కూలి పోగొట్టుకుని వచ్చి నిలబడ్డ మనిషికి "రేపు రా" అని మాత్రం చెప్పకండి. నేను మిమ్మల్ని కోరేది అదొక్కటే.

ఇంకో ఆరు రోజుల్లో ఆగస్టు 15. ముడి సరిగ్గా వేయండి. కాషాయం పైకి.

జై సేవాలాల్. జై భీమ్. జై హింద్.